పొలిటికల్ సైన్స్ చదివితే ఏమొస్తుంది?

డిగ్రీ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర వినిపించే ప్రశ్న ఒక్కటే. "ఇది సదివితే ఏం నౌకరొస్తది మేడం?" పిల్లలు అడగరు, వాళ్ల నాన్నలు అడుగుతారు. పిల్లలు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటారు, లేదా చూసుకుంటున్నట్టు నటిస్తారు. కంప్యూటర్స్ గ్రూపు దగ్గర ఈ ప్రశ్న ఎవరూ వేయరు. అక్కడ ఉద్యోగం ఖాయమని అందరికీ నమ్మకం. వచ్చిందా లేదా అన్నది మూడేళ్ల తర్వాతి మాట.

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో పదహారేళ్లుగా డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతున్నాను. ఇంటర్‌లో 'సివిక్స్' అంటారే, అదే. బీఏ హెచ్‌ఈపీలో చివరి అక్షరం. పిల్లలు చేరకపోతే గ్రూపే ఎత్తేస్తారు కాబట్టి, ఆ ప్రశ్నకు తియ్యటి జవాబు చెప్పాలన్న ఒత్తిడి మా మీద ఎప్పుడూ ఉంటుంది. "ఏముంది, కలెక్టర్ కావచ్చు" అంటే చాలు, తండ్రి మొహం వెలిగిపోతుంది. నేను ఆ మాట అనను. ఎందుకంటే ఆ ఒక్క మాట నమ్ముకుని వెళ్లినవాళ్లలో కొందరు ముప్పై దాటాక మళ్లీ నా దగ్గరికే వచ్చి, "ఇప్పుడేం చేయమంటారు మేడం?" అని అడుగుతున్నారు.

అలాగని "ఏమీ రాదు" అనీ అనను. అది కూడా అబద్ధమే. నా దగ్గర చదివిన పిల్లలు ఏమేం చేస్తున్నారో చూస్తూ వచ్చాను. డిగ్రీ పట్టా చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్లు దాదాపు లేరు. కానీ ప్రభుత్వం అనే యంత్రం ఎలా తిరుగుతుందో తెలిసి, దానికి తోడు ఇంకో పని చేతిలో ఉన్నవాళ్లకు పని దొరికింది. ఆ రెండో పని ఏమిటన్నదే అసలు సంగతి.

గ్రూప్స్ అనే పెద్ద గుమ్మం

ముందు అందరూ చూసే గుమ్మం దగ్గరికే వెళ్దాం. సివిల్స్‌కి గానీ, గ్రూప్స్‌కి గానీ ఏ డిగ్రీ అయినా చాలు. బీటెక్ వాడూ రాస్తాడు, ఎంబీబీఎస్ వాడూ రాస్తాడు. మన సబ్జెక్టు వాళ్లకు కొంత మొగ్గు ఉన్న మాట నిజం. సివిల్స్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరు మొత్తం రాజ్యాంగం, పాలన, సామాజిక న్యాయం, అంతర్జాతీయ సంబంధాలు. పొలిటికల్ సైన్స్‌నే ఆప్షనల్‌గా తీసుకుంటే 1750 రాత మార్కుల్లో 500 దానివే. తెలంగాణ గ్రూప్-2లో 600 మార్కులకు గాను 50 మార్కులు నేరుగా రాజ్యాంగం, రాజకీయాల మీద వస్తాయి. సమాజ నిర్మాణం, ప్రజా విధానాల మీద ఇంకో 50. మిగతా 500కి మాత్రం మనమూ అందరితో పాటు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సిందే.

దేశంలో సివిల్స్ రాసే ప్రతివాడి టేబుల్ మీదా ఉండే 'ఇండియన్ పాలిటీ' పుస్తకం రాసిన ఎం.లక్ష్మీకాంత్ మన ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ పీజీ చేసినాయన. పొలిటికల్ సైన్స్‌తో బాగుపడినవాళ్ల పేరు ఒకటి చెప్పమంటే క్లాసులో నేను ముందు ఆయన పేరే చెబుతాను. పిల్లలు నవ్వుతారు. కానీ అందులో ఒక కిటుకుంది. పరీక్ష రాసేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాడికి కూడా అక్కడ బతుకుతెరువు ఉంటుంది.

గ్రూప్స్‌తో చిక్కు సిలబస్ కాదు, కాలం. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో పడింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ల లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఫలితాలు వచ్చాక కూడా వ్యవహారం కోర్టుకెక్కింది. ఒకే పరీక్ష కోసం ఒకే కుర్రాడు మూడుసార్లు ప్రిలిమ్స్ రాశాడన్నమాట. మొదటిసారి రాసినప్పుడు ఇరవై ఆరేళ్లవాడికి మెయిన్స్ నాటికి ఇరవై ఎనిమిది.

మా విద్యార్థి ఒకడు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ పక్క సందులో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండి చదివాడు. అద్దె, మెస్, టెస్ట్ సిరీస్ కలిపి నెలకు తొమ్మిది వేలు. ఊళ్లో అన్న పంపేవాడు. తెలివైనవాడే, కష్టపడ్డవాడే. ఆరేళ్లయింది. మధ్యలో చెల్లెలి పెళ్లి జరిగిపోయింది, నాన్నకు పక్షవాతం వచ్చింది. "ఇంకొక్క నోటిఫికేషన్ మేడం" అనే మాట మాత్రం మారలేదు. అశోక్‌నగర్ సందుల్లో, అవనిగడ్డ డీఎస్సీ కోచింగ్ హాస్టళ్లలో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో ఆ వీధుల్లో టీ అమ్మేవాళ్లను అడిగితే చెబుతారు.

అందుకే గ్రూప్స్‌కి వెళ్తానన్నవాళ్లను నేను రెండే అడుగుతాను. ఎన్నేళ్లు? ఆ ఏళ్లు అయిపోయాక చేతిలో ఇంకేముంటుంది? మొదటిదానికి జవాబు చెబుతారు. రెండోదానికి తల గీరుకుంటారు. ప్రిపరేషన్‌తో పాటు దూరవిద్యలో పీజీ చేసినవాడు, బీఈడీ పూర్తి చేసి పెట్టుకున్నవాడు, లా చదివినవాడు ఆ పరీక్ష పోయినా నిలబడ్డాడు. ఏమీ పెట్టుకోకుండా పూర్తిగా దాని మీదే పడ్డవాళ్లకే దెబ్బ తగిలింది.

బోర్డు ముందు నిలబడాలంటే

నా దారి ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తే జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ పోస్టుకు అర్హత. తెలంగాణలో 2022 డిసెంబర్‌లో వచ్చిన జేఎల్ నోటిఫికేషన్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 1392 పోస్టులు. అలాంటివి ఏటా రావు. బీఈడీ చేసి టెట్ రాస్తే స్కూళ్లలో సోషల్ టీచర్. డీఎస్సీలో పోస్టులు పెద్దసంఖ్యలోనే పడతాయి. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు, 2025లో ఏపీ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగాయి. సోషల్ వాటా అందులో కొంతే గానీ, మా పిల్లల్లో సర్కారు ఉద్యోగం దొరికినవాళ్లు ఎక్కువమంది ఈ దారిలోనే వెళ్లారు. ఇది ఎవరికీ గొప్పగా అనిపించదు. కలెక్టర్ కలల మధ్య సోషల్ టీచర్ మాట వినపడదు.

డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే పీజీలో 55 శాతం మార్కులు కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. ఆపైన యూజీసీ నెట్ గానీ, రాష్ట్రాల సెట్ గానీ పాసవ్వాలి. సెట్‌ని తెలంగాణలో ఉస్మానియా, ఏపీలో ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. మొదటి పేపరు 50 ప్రశ్నలు అందరికీ ఒకటే, రెండోది మన సబ్జెక్టులో 100 ప్రశ్నలు. మంచి మార్కులొచ్చి జేఆర్‌ఎఫ్ దక్కితే పీహెచ్‌డీ చేసేటప్పుడు మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్, ఆ తర్వాత 42,000. జేఆర్‌ఎఫ్‌కి ముప్పై ఏళ్ల పరిమితి ఉంది. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు. పల్లెటూరి అమ్మాయికి ఇరవై నాలుగేళ్లకు ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు, నెలకు 37,000 తెచ్చే చదువు ఎంత బలమైన వాదనో నేను కళ్లారా చూశాను. ఫెలోషిప్ ఉత్తరం చూసి సంబంధం వెనక్కి పంపిన తండ్రులున్నారు.

చిక్కు ఎక్కడుందంటే నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో ప్లేటో నుంచి గాంధీ దాకా ధారాళంగా రాయగల పిల్లవాడు అక్కడ 'సావర్నిటీ' అన్న మాట దగ్గర ఆగిపోతాడు. సార్వభౌమాధికారం అంటే వాడికి నాకంటే బాగా తెలుసు. మాటే అడ్డం. అందుకే ఫస్టియర్ నుంచే ప్రతి పారిభాషిక పదానికీ ఇంగ్లిష్ జత రాసుకోమంటాను. రెండొందల పేజీల నోటుబుక్కు మూడేళ్లలో నిండుతుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. నెట్ ఉన్నా, పీహెచ్‌డీ ఉన్నా, పోస్టులు భర్తీ కాక పీరియడ్ లెక్కన చెబుతున్న గెస్ట్ లెక్చరర్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. వేసవి సెలవులొస్తే వాళ్లకు జీతం లేదు. ఈ సబ్జెక్టు చెప్పిన ప్రొఫెసర్లు హరగోపాల్, కోదండరామ్, కంచ ఐలయ్యల పేర్లు వినని తెలుగువాళ్లు తక్కువ. వాళ్లను చూసి ఈ దారికి వచ్చేవాళ్లు గెస్ట్ లెక్చరర్ టీచర్స్ రూములో కూడా ఒక పూట కూర్చుని చూడాలి.

నల్లకోటు

నన్నడిగితే పొలిటికల్ సైన్స్‌కి సొంత తోబుట్టువు లా. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో 45 శాతం చాలు, రిజర్వేషన్ వర్గాలకు ఇంకా తక్కువ. లాసెట్‌లో 120 ప్రశ్నలుంటే అందులో సగం న్యాయ అధ్యయనానికి సంబంధించినవి, రాజ్యాంగం అందులోనే. మిగతావి జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్. తెలుగులోనూ రాయొచ్చు. మా పిల్లలు పెద్దగా కోచింగ్ లేకుండానే గట్టెక్కుతారు.

ఆటో నడిపే ఆయన కూతురు ఒకమ్మాయి ఇలాగే వెళ్లింది. ఇప్పుడు చిన్న పట్టణంలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాక్టీస్. మొదటి రెండేళ్లు సీనియర్ దగ్గర చేతికొచ్చింది బస్సు చార్జీలే. అప్పుడు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది. ఇప్పుడు భూమి తగాదాలు, భరణం కేసులు చూస్తోంది. "రిట్ అంటే ఐదు రకాలు అని మీ దగ్గర బట్టీ పట్టాను మేడం, ఇక్కడ మాత్రం పొద్దున్నుంచీ వాయిదాలే" అని నవ్వుతుంది. ఆమె కన్ను జడ్జి పరీక్ష మీద ఉంది. కొత్తగా లా చదివినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తిరిగి నిబంధన పెట్టింది. పట్టా చేత పట్టుకుని నేరుగా పరీక్షకు వెళ్లడం ఇక కుదరదు. కాబట్టి ఆ మూడేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో ముందే లెక్క వేసుకోవాలి.

పేర్లు తెలియని ఉద్యోగాలు

ఇక కాలేజీలో ఎవరూ చెప్పని పనులు కొన్ని ఉన్నాయి. ఢిల్లీలో పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి ల్యాంప్ ఫెలోషిప్ ఇస్తోంది. పాతికేళ్ల లోపు డిగ్రీ వాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో ఎంపీ దగ్గర పెడతారు. బిల్లులు చదివి సారాంశం రాయడం, పార్లమెంటు ప్రశ్నలు తయారుచేయడం, ప్రసంగానికి లెక్కలు వెతకడం పని. మనం మూడేళ్లు చదివింది అక్షరాలా అక్కడ పనికొస్తుంది. మా జిల్లా నుంచి ఎవరైనా వెళ్తే చూడాలని నా కోరిక. ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. దరఖాస్తు ఇంగ్లిష్‌లో వ్యాసం అడుగుతుంది. అక్కడే ఆగిపోతున్నాం.

ప్రజా విధానాల్లో పీజీ చేయడానికి హైదరాబాద్‌లోనే గీతంలో కౌటిల్య స్కూల్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏకి సీయూఈటీ పీజీ రాయాలి. ప్రైవేటు చోట్ల ఫీజు లక్షల్లో ఉంటుంది. స్కాలర్‌షిప్ ఖాయమని కాగితం చేతికొచ్చేదాకా అప్పు చేయొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాను.

రాజకీయ కన్సల్టెన్సీల సంగతి వేరు. 2014లో మోదీ ప్రచారం నడిపిన ప్రశాంత్ కిశోర్ పేరు మోగాక, 2019లో ఐప్యాక్ ఏపీలో వైసీపీకి పనిచేశాక మన కుర్రాళ్లకు ఇదొక ఉద్యోగమని తెలిసింది. సర్వేలు, బూత్ లెక్కలు, సామాజికవర్గాల పొందికలు, సోషల్ మీడియా. ఇక్కడ మాత్రం పల్లె పిల్లలకే మొగ్గు. ఏ మండలంలో ఎవరి మాట చెల్లుతుందో ఐఐటీ వాడికి తెలియదు, మనవాడికి తెలుసు. కానీ పోలింగ్ అయిపోయిన మర్నాడు ఉద్యోగం కూడా అయిపోతుంది. మా పాత విద్యార్థి ఒకడు చెప్పాడు, కౌంటింగ్ రోజు సాయంత్రానికే ఆఫీసులో అద్దె కుర్చీలు తీసుకుపోయారట. అబద్ధాలు వండి వాట్సాప్‌లో వడ్డించే పని కూడా కొన్నిచోట్ల చేయిస్తారు. ఆ పని వద్దని తిరిగొచ్చేసినవాడూ ఉన్నాడు. అయితే ఆ ఏడు నెలల్లో వాడికి ఎక్సెల్ వచ్చింది, సర్వే ఫారం తయారుచేయడం వచ్చింది. దాంతోనే ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పర్యవేక్షణ చేస్తున్నాడు. ఎన్నికలప్పుడు ఢిల్లీలోని లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ లాంటి వాళ్ల సర్వేలకు కాలేజీ పిల్లలే ఇంటింటికీ తిరుగుతారు. డబ్బు పెద్దగా రాదు. కానీ ఒక ఊళ్లో ముప్పై ఇళ్ల తలుపు తట్టి ప్రశ్న అడగడం వచ్చిందంటే భయం పోతుంది.

రాసే చెయ్యి ఉన్నవాళ్లకు పత్రికలున్నాయి. ఈనాడు లాంటి పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టి ఎంపిక పరీక్షలో తెలుగు రాతనూ, అనువాదాన్నీ చూస్తాయి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటివి ప్రభుత్వ లెక్కలు తవ్వి వార్త నిజమో కాదో తేలుస్తాయి. బడ్జెట్ పుస్తకం చూసి భయపడనివాడు అక్కడ కావాలి. మన పిల్లల్లో చాలామంది బడ్జెట్ గురించి పదిహేను మార్కుల ప్రశ్న రాస్తారు గానీ, బడ్జెట్ పుస్తకం ఒక్కసారి కూడా తెరిచి చూడరు.

29 అంశాలు ఎక్కడున్నాయి?

నా వరకు అసలైన పొలిటికల్ సైన్స్ ఉద్యోగం పంచాయతీ కార్యదర్శి. 2018లో తెలంగాణ 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు వేసింది. 2019లో ఏపీ సచివాలయాల కోసం లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులు ఒక్కసారే ప్రకటించింది, వాటిలో కార్యదర్శులూ ఉన్నారు. ఏ డిగ్రీ అయినా చాలన్నారు. తెలంగాణలో మొదట్లో జీతం 15,000. పని మాత్రం మొక్కలు నాటించడం నుంచి ఇంటి పన్ను వసూలు దాకా.

మా విద్యార్థి ఒకడు అలా చేరాడు. మొదటి నెలలోనే ఫోన్. "మేడం, 73వ సవరణ కింద పంచాయతీకి 29 అంశాలని చెప్పిండ్రు గదా. మా ఊళ్లె చెత్త ట్రాక్టర్ డీజిల్‌కే పైసల్లేవు. ఆ 29 ఎక్కడున్నయ్?" పదకొండో షెడ్యూల్‌లో ఉన్నాయిరా అన్నాను. "షెడ్యూల్‌లనే ఉన్నయ్ మేడం" అన్నాడు. ఆ జవాబుకు నేను పూర్తి మార్కులు వేసేదాన్ని. చట్టం అధికారాల బదిలీ రాష్ట్రాల ఇష్టానికి వదిలేసిందని, రాష్ట్రాలు నిధులు వదలవని పాఠంలో ఒక పేరా ఉంటుంది. వాడు ఆ పేరాలోనే రోజూ ఉద్యోగం చేస్తున్నాడు. వాడు పని చేసే తీరులో తేడా ఉంది. గ్రామసభ కోరం ఎంతో తెలుసు. తీర్మానం ఎలా రాయాలో తెలుసు. ఎమ్మెల్యే అనుచరుడు వచ్చి దబాయిస్తే ఏ సెక్షన్ చూపించాలో తెలుసు. పక్క ఊళ్ల కార్యదర్శులు వాడికి ఫోన్ చేసి అడుగుతారట.

అప్పటి నుంచి సెకండియర్ పిల్లలకు నేనొక పని పెడుతున్నాను. ఎవరి ఊరి పంచాయతీకి వాళ్లు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. పోయిన ఏడాది వచ్చిన నిధులెన్ని, దేనికి ఖర్చు పెట్టారు? గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. సగంమంది మొదట భయపడతారు, "సర్పంచ్ ఏమన్నా అంటడేమో" అని. జవాబొచ్చాక ఆ కాగితాలను ఎక్సెల్‌లో ఎక్కించి ఒక పేజీ రిపోర్టు తెలుగులో, అదే ఇంగ్లిష్‌లో రాయాలి. సెమిస్టర్ మార్కులకు దీంతో సంబంధం లేదు. కానీ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చూపించడానికి వాళ్ల దగ్గర డిగ్రీ మెమో కాక ఇంకో కాగితం ఉంటుంది. స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికిన ఇద్దరిని ఇంటర్వ్యూలో అరగంట సేపు దాని మీదే అడిగారట.

పోయినసారి ఒక దరఖాస్తు నేరుగా ఆ కార్యదర్శి టేబుల్ మీదికే వెళ్లింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"మేడం, మీ పిల్లలు నా మీదికే అర్జీ పంపిండ్రు."

"ముప్పై రోజులు టైముంది కదా నాన్నా, తొందరేం లేదు" అన్నాను.

ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. పద్నాలుగు పేజీలు, ప్రతి పేజీ మీదా సంతకం, ముద్ర. డీజిల్ ఖర్చు విడిగా ఒక పట్టికలో వేసి పంపాడు.